లిథియం జంప్ స్టార్టర్లు నిజంగా పనిచేస్తాయా? బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన కారు స్టార్ట్ అవుతుందా?

సెల్లార్_కారు:

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లి, కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది, 1.2 లీటర్ పెట్రోల్, ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేని ఆటో గేర్ల బండి. ఆఫీసుకి మెట్రోలోనే వెళ్తా కాబట్టి కారు తీసేది వీకెండ్‌కే, ఒక్కోసారి మూడు నాలుగు వారాలు కదలదు కూడా. ఈ మధ్య తరచూ బ్యాటరీ డౌన్ అవుతోంది, కీ తిప్పితే టకటకటక అని సౌండ్, డాష్‌బోర్డ్ లైట్లు మినుకుమినుకుమని ఆరిపోవడం, అంతే. ఏఎంటీ కాబట్టి తోసి స్టార్ట్ చేసే ఛాన్స్ లేదు, పక్కనోళ్ళ కారు తెచ్చి జంపర్ కేబుల్ పెడదామంటే పిల్లర్ల మధ్య ఇంకో కారు దగ్గరికి తెచ్చే జాగా లేదు, కేబుల్ అందదు.

అందుకని ఆన్‌లైన్‌లో పవర్ బ్యాంక్ సైజులో వచ్చే లిథియం జంప్ స్టార్టర్లు చూస్తున్నా. మూడు వేల నుంచి పది వేలు దాటి కూడా ఉన్నాయి. ఒకరు 2000 ఆంప్స్ అంటారు, ఇంకొకరు 20000 ఎంఏహెచ్ అంటారు, రివ్యూల్లో సగం మంది సూపర్ అంటారు, సగం మంది డబ్బులు దండగ అంటారు. చేతిలో పట్టే డబ్బా ఇంజన్‌ని తిప్పగలదా అన్నది నా డౌట్. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు, రాత్రిపూట సూర్యాపేట దాటాక ఎక్కడో టీకి ఆపి మళ్ళీ స్టార్ట్ కాకపోతే పిల్లలతో చాలా ఇబ్బంది, అందుకే నమ్మొచ్చా లేదా అని అడుగుతున్నా. వాడినవాళ్ళు, ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. ఎండాకాలంలో కార్లోనే వదిలేయొచ్చా అన్నది కూడా.

ఆటోనగర్_వైరింగ్:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ ఎలక్ట్రికల్ పని చేస్తా. ఛార్జ్ దిగిపోయిన బ్యాటరీ అయితే మంచి జంప్ స్టార్టర్ కచ్చితంగా స్టార్ట్ చేస్తుంది. పాడైపోయిన బ్యాటరీ అయితే గ్యారంటీ లేదు. ఈ రెండూ వేరు, రివ్యూలు సగం సగం రావడానికి పెద్ద కారణం ఇదే.

హెడ్‌లైట్ ఆర్పడం మర్చిపోయారు, లేదా నీలాగా వారాల తరబడి బండి కదల్లేదు, ఆ బ్యాటరీ లోపల బాగానే ఉంటుంది, ఛార్జ్ ఒక్కటే లేదు. దానికి జంప్ స్టార్టర్ పెడితే సెల్ఫ్, అదే ఇంజన్‌ని తిప్పే మోటార్, రయ్యిమని తిరుగుద్ది. అదే నాలుగైదేళ్ళు వాడేసిన బ్యాటరీ అనుకో, లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు, కలిపి 12.6, అందులో ఒకటి షార్ట్ అయితే మిగిలేది 10.5. దానికి జంప్ స్టార్టర్ తగిలిస్తే నువ్వు ఇచ్చే కరెంట్ సెల్ఫ్ మోటార్‌కి చేరకముందే ఆ పోయిన బ్యాటరీ లాగేసుకుంటుంది, చిన్న డబ్బా అయితే అక్కడే చేతులెత్తేస్తుంది. కస్టమర్ ఏమో జంప్ స్టార్టర్ పనికిరాదని తిట్టుకుంటాడు.

అందుకని ముందు ఒక మల్టీమీటర్ కొనుక్కో, తక్కువలోనే వస్తుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారుకి పొద్దున్నే టెర్మినల్స్ మీద పెట్టి చూడు, 12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే సగం, 12 లోపు అంటే దాదాపు ఖాళీ. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి, అది రాకపోతే ఆల్టర్నేటర్ చూపించుకో, మేం డైనమో అంటాం, అది ఛార్జ్ చేయకపోతే జంప్ స్టార్టర్‌తో స్టార్ట్ చేసుకుని బయల్దేరినా దారిలో ఆగిపోద్ది. బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేశాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ 9.6 కిందకి పడుతుంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

ఇంకోటి, సౌండ్ జాగ్రత్తగా విను. టకటకటక అని వరసగా వస్తే ఛార్జ్ తక్కువ, లేదంటే టెర్మినల్ లూజు, లేదంటే టెర్మినల్ చుట్టూ తెల్లగా పచ్చగా పట్టేసింది. ఆ పట్టినదాన్ని వేడినీళ్ళలో వంట సోడా కలిపి కడిగి బిగించి వేజిలిన్ రాస్తే ఏ జంప్ స్టార్టరూ లేకుండానే స్టార్ట్ అయ్యే బళ్ళు చాలా ఉంటాయి. లైట్లు ఫుల్లుగా వెలుగుతూ ఠక్ అని ఒక్కసారే కొట్టి ఆగితే సెల్ఫ్ మోటార్, దానికి కరెంట్ కలిపే స్విచ్ లాంటి సోలినాయిడ్ వైపు చూడాలి. సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే అది పెట్రోల్ పంపో, దొంగతాళానికి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజరో, అక్కడ జంప్ స్టార్టర్‌కి పనే లేదు.

మిల్లీఓమ్:

పై అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను బ్యాటరీ ప్యాక్‌ల డిజైన్‌లో పనిచేస్తా, డబ్బా మీద అంకెల సంగతి చెప్తా ఎందుకంటే జనాల్ని మోసం చేసేది అక్కడే, నాకు బాగా కోపం వచ్చే విషయం కూడా ఇదే.

ఎంఏహెచ్, అంటే ఛార్జ్ ఎంత పడుతుందో చెప్పే అంకె, అది చూసి కొనకండి. 12000 ఎంఏహెచ్ అని రాస్తే అది సాధారణంగా లోపలి ఒక్కో సెల్‌కి ఉండే 3.7 వోల్టుల లెక్కలో, అంటే 44 వాట్ అవర్లు. లోపల మూడు సెల్స్ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి 11.1 వోల్టుల దగ్గర అది 4000 ఎంఏహెచ్చే. అయినా కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే స్టార్ట్ చేయడానికి ఎనర్జీ చాలా కొంచెం చాలు. చిన్న పెట్రోల్ ఇంజన్ 150 ఆంప్స్ లాగుతూ రెండు సెకన్లలో అందుకుందనుకోండి, 10 వోల్టుల లెక్కన 3000 జౌల్స్, ఒక వాట్ అవర్ కూడా కాదు. ట్యాంకు ఎంత పెద్దది అన్నది కాదు, పైపు ఎంత లావు అన్నదే ఇక్కడ ప్రశ్న. నోకో కంపెనీ జీబీ 40 చూడండి, 24 వాట్ అవర్లే, కానీ 6 లీటర్ల పెట్రోల్, 3 లీటర్ల డీజిల్ ఇంజన్ దాకా అని రేటింగ్ ఇచ్చారు, బాగా పేరున్న మోడల్ అది.

ఇప్పుడు ఆంప్స్. 2000 ఆంప్స్ పీక్ అంటే 12 వోల్టులకి సెల్స్, వైర్లు, క్లాంపులు అన్నీ కలిపి మొత్తం రెసిస్టెన్స్ 6 మిల్లీఓమ్‌లే ఉండాలి, అది కూడా అవతల షార్ట్ సర్క్యూట్ చేస్తేనే. నిజంగా కారుకి పనికొచ్చేది వోల్టేజ్ 9 కంటే కిందకి పడకుండా కొన్ని సెకన్ల పాటు ఇవ్వగలిగే కరెంట్. మొత్తం రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌లు ఉన్న మంచి ప్యాక్ కూడా ఫుల్ ఛార్జ్‌లో 12.6 నుంచి మొదలై 360 ఆంప్స్ దగ్గరకి వచ్చేసరికి 9 కి పడిపోతుంది. పెట్రోల్ కారుకి అది ఎక్కువే, పెద్ద డీజిల్‌కి చాలీచాలకుండా ఉంటుంది. పీక్ ఆంప్స్‌ని ఇలాగే కొలవాలి అని అందరూ పాటించే పద్ధతి ఏదీ లేదు కాబట్టి ఎవరికి నచ్చిన అంకె వాళ్ళు వేసుకుంటున్నారు. అందుకే పీక్ కాకుండా స్టార్టింగ్ కరెంట్ లేదా క్రాంకింగ్ కరెంట్ (ఇంజన్ తిప్పేటప్పుడు ఇచ్చేది) అని విడిగా రాసినవాటికి, ఎన్ని లీటర్ల పెట్రోల్ ఎన్ని లీటర్ల డీజిల్ అని విడివిడిగా చెప్పినవాటికి విలువ ఇవ్వండి, మీ ఇంజన్ కంటే రెట్టింపు రేటింగ్ తీసుకోండి. వైర్లు పొట్టిగా లావుగా ఉండాలి, చాలా చోట్ల కక్కుర్తి పడేది ఆ వైర్ల దగ్గరే. యూఎల్ 2743 అనే సేఫ్టీ స్టాండర్డ్ ఉంది ఇలాంటి ప్యాక్‌లకి, అది ఉందేమో చూడండి.

బ్యాటరీ జీరో అయిపోతే ఏంటి అన్నది చాలామందికి తెలీదు. క్లాంపుల దగ్గర ఒక స్మార్ట్ మాడ్యూల్ ఉంటుంది, అది ముందు కారు బ్యాటరీలో వోల్టేజ్ ఉందా, ప్లస్ మైనస్ సరిగ్గా పెట్టారా అని చూసుకుని అప్పుడే కరెంట్ వదులుతుంది. బ్యాటరీ రెండు వోల్టుల లోపుకి పడిపోతే దానికి అసలు బ్యాటరీ కనపడదు, లైట్ వెలగదు, మీరేమో డబ్బా పాడైంది అనుకుంటారు. దానికోసమే బూస్ట్ అనో ఓవర్‌రైడ్ అనో ఒక బటన్ ఇస్తారు. అది నొక్కితే కరెంట్ వస్తుంది, కానీ ఆ మోడ్‌లో రివర్స్ ప్రొటెక్షన్, షార్ట్ ప్రొటెక్షన్ ఉండవు, ఎర్ర క్లాంప్ ప్లస్‌కే పెట్టామా అని టార్చ్ వేసి మరీ చూసుకోండి. బూస్ట్ బటన్ లేని మోడల్ మాత్రం కొనొద్దు.

సెల్లార్_కారు:

అన్నా, మిల్లీఓమ్ గారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. మల్టీమీటర్ పక్కింటాయన దగ్గర దొరికితే ఇప్పుడే చూశా, 11.7 ఉంది. మొన్న స్టార్ట్ చేసినప్పుడు ఆయనే చెక్ చేశారు, ఇంజన్ ఆన్‌లో 14.2 వచ్చింది అన్నారు. బ్యాటరీ కొని రెండేళ్ళే అయింది. టెర్మినల్స్ క్లీన్‌గానే ఉన్నాయి. డాష్‌క్యామ్ ఒకటి ఉంది, పార్కింగ్ మోడ్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, దానివల్లనా?

ఆటోనగర్_వైరింగ్:

దొంగ దొరికాడు తమ్ముడూ. ఏ కారైనా తాళం వేసి పెట్టినా అలారం, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్, గడియారం కలిపి ఓ 30 మిల్లీ ఆంప్స్ తింటానే ఉంటాయి, నెల రోజులకి 21, 22 ఆంపియర్ అవర్లు అవుద్ది, నీ బండికి వచ్చే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం పైనే అక్కడే పోయినట్టు. దాని మీద డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ పావు ఆంపియర్ లాగిందనుకో రోజుకి 6 ఆంపియర్ అవర్లు, ఐదు రోజులకే దాదాపు ఖాళీ. సెల్లార్‌లో ఉన్నప్పుడు దాన్ని పీకెయ్, లేదంటే 12.2 దగ్గర తనంతట తనే ఆగిపోయే కటాఫ్ ఉన్న వైరింగ్ కిట్ వేయించుకో. మాటిమాటికీ పూర్తిగా దింపేస్తుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మంచి బ్యాటరీ కూడా తొందరగా పోద్ది, రెండేళ్ళదే కదా, కాపాడుకో.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా చెప్తా. లైట్లు ఏసీ మ్యూజిక్ అన్నీ ఆఫ్ చెయ్, ఎర్రది ప్లస్‌కి, నల్లది బ్యాటరీ మైనస్‌కి కాకుండా కొంచెం దూరంగా ఇంజన్ మీద పెయింట్ లేని గట్టి ఇనుముకి పెట్టు, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది, అక్కడ నిప్పురవ్వ పడకూడదు. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనే ఆగి తనే స్టార్టయ్యే స్టార్ట్ స్టాప్ ఉన్న కార్లలో మైనస్ టెర్మినల్ మీద సెన్సార్ కూడా ఉంటుంది, దాన్ని దాటించి బాడీకి ఎర్త్ ఇవ్వడమే మంచిది. డబ్బా ఫ్యాన్ బెల్ట్ వైపు జారకుండా పెట్టుకో. సెల్ఫ్ నాలుగైదు సెకన్లు కొట్టి, కాకపోతే అర నిమిషమైనా ఆగి మళ్ళీ కొట్టు, వెంటవెంటనే కొడితే డబ్బా వేడెక్కి తనే కట్ చేసుకుంటుంది. స్టార్ట్ అవ్వగానే ముందు నల్లది తీసి తర్వాత ఎర్రది తీసెయ్, ఇంజన్ తిరుగుతుంటే దాన్ని అలా వదిలేయకూడదు, ఆల్టర్నేటర్ కరెంట్ లిథియం సెల్స్‌లోకి ఎగదన్నుతుంది. ఇంకా, ఇంజన్ నడుస్తుండగా కారు బ్యాటరీ టెర్మినల్ మాత్రం ఎవరు చెప్పినా విప్పొద్దు, ఈసీయూలు పోతాయి. గల్లీ చుట్టూ ఒక రౌండ్ కొట్టి ఆపేస్తే మళ్ళీ అదే కథ. ఖాళీ అయిన బ్యాటరీని మామూలు కరెంట్ ఛార్జర్‌తో రాత్రంతా పెట్టడం ఉత్తమం, కుదరకపోతే కనీసం గంటకి పైన హైవే మీద నడుపు.

గోదావరిఖని_ట్రావెల్స్:

అన్నా ఎండల గురించి నేను చెప్త. మాది రామగుండం దిక్కు, ఇన్నోవా డీజిల్ నడుపుత కిరాయిలకు. మా దగ్గర మే నెలల 44, 45 డిగ్రీలు కామన్, ఎండల నిలబెట్టిన బండి లోపట 60 దాటుతది, డాష్‌బోర్డ్ మీద ఇంకా ఎక్కువ. ఈ లిథియం డబ్బాలకు గంత వేడి అస్సలు పడదు, ఫుల్ ఛార్జింగ్ పెట్టి గట్లనే ఎండల బండ్ల వదిలేస్తే లోపటి సెల్స్ తొందరగా ముసలివైతయ్, కొన్ని ఉబ్బుతయ్ కూడా. ఉబ్బిన డబ్బాను మాత్రం మళ్ళ ఛార్జింగ్ పెట్టొద్దు, వాడొద్దు, చెత్తల వెయ్యొద్దు, ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేటోళ్ళకు ఇయ్యాలె. మా తోటి డ్రైవర్ బండ్ల ఒకటి గట్లనే ఉబ్బి పక్కలు పగిలింది, నయం ఇంకేం కాలేదు.

నేనైతే బండి దిగంగనే నీళ్ళ సీసా లెక్క దాన్ని గూడ సంచిల వేసుకొని ఇంట్లకు తెచ్చుకుంట, లాంగ్ కిరాయి ఉన్నప్పుడే బండ్ల పెడత, అప్పుడు గూడ సీటు కింద, అద్దం దగ్గర కాదు. డీజిల్ బండ్లకు చిన్న డబ్బా సరిపోదన్నది నిజమే, కంప్రెషన్ ఎక్కువ, సెల్ఫ్ మోటార్ పెద్దది, 3000 రూపాయలది పెడితే ఊరికే గిర్రుమని ఆగిపోతది. డీజిల్‌కు అని రాసిన పెద్దది తీసుకున్నంక రెండేండ్ల సంది మంచిగ పనిచేస్తుంది. మూడు నెలలకు ఒకపారి ఛార్జింగ్ చూసుకోవాలె, సగం కంటే తక్కువుంటే అది సెల్ఫ్‌ను తిప్పలేదు, అవసరానికి తీసినప్పుడు ఖాళీ ఉంటే ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

మిషిగన్_తెలుగు:

ఇక్కడ దానికి పూర్తి వ్యతిరేకం అండి, మాకు చలి సమస్య. జనవరిలో మైనస్ 18 కి పడిపోయిన పొద్దున లెడ్ యాసిడ్ బ్యాటరీ తన శక్తిలో సగం కూడా ఇవ్వలేదు, అదే టైంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఇంకా ఎక్కువ కరెంట్ కావాలి. యూనివర్సిటీకి కొత్తగా వచ్చి పాత కార్లు కొనుక్కునే మన పిల్లలు మొదటి శీతాకాలంలో బాగా ఇబ్బంది పడేది దీని దగ్గరే, అందుకే వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తుంటా, కోటు కొన్నట్టే ఒక జంప్ స్టార్టర్ కూడా కొనుక్కోండి అని.

కానీ రాత్రంతా దాన్ని కార్లోనే ఉంచితే లిథియం సెల్స్ కూడా చల్లబడి నీరసించిపోతాయి. ఇంట్లో వెచ్చగా ఉంచి పొద్దున్నే పట్టుకెళ్ళాలి. కార్లోనే ఉండిపోతే మొదటిసారి సెల్ఫ్ మెల్లగా తిరిగినా నిరాశపడొద్దు, ఆ కరెంట్‌కి సెల్స్ లోపల కాస్త వేడెక్కుతాయి, నిమిషం ఆగి కొడితే బాగా లాగుతుంది. సున్నా డిగ్రీల కింద మాత్రం దాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు. ఇంకో ముఖ్యమైన విషయం, పూర్తిగా దిగిపోయిన కారు బ్యాటరీలో యాసిడ్ దాదాపు నీళ్ళలా అయిపోతుంది కాబట్టి మైనస్ 10 చుట్టుపక్కలకే గడ్డకడుతుంది, బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే జంప్ చేయొద్దు, పగిలే ప్రమాదం ఉంది. ఎవరైనా ఇక్కడినుంచి ఇండియాకి తీసుకెళ్తుంటే చెకిన్ లగేజీలో పెట్టకండి, లిథియం కాబట్టి క్యాబిన్ బ్యాగ్‌లోనే, అదీ 100 వాట్ అవర్ల లోపుది, ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

లెక్క_చూస్కో:

అందరూ కొనమనే చెప్తున్నారు, నాది వేరే మాట. సెల్లార్_కారు గారూ, మీ కారు ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ ఆన్ ఉందేమో చూడండి, సిటీలో అయితే వాళ్ళే వచ్చి స్టార్ట్ చేసి వెళ్తారు, నేషనల్ హైవే మీద అయితే 1033 కి ఫోన్ చేయొచ్చు. ఆరేడు వేలు పెట్టి డబ్బా కొని దాన్ని మళ్ళీ ఛార్జ్ చేసుకుంటూ కూర్చునే బదులు డాష్‌క్యామ్ పీకేసి వారానికోసారి కారు ఒక అరగంట తిప్పితే సమస్యే రాదు కదా. బ్యాటరీ నాలుగేళ్ళు దాటితే ఆ డబ్బుతో కొత్త బ్యాటరీయే వస్తుంది, మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ లాంటిది, పాతది ఎక్స్ఛేంజ్ ఇస్తే ఇంకా తగ్గుతుంది.

మిల్లీఓమ్:

మీరు చెప్పిన మొదటి సగంతో ఏకీభవిస్తా, కారణం సరిచేయకుండా డబ్బా మీద ఆధారపడటం తప్పే. కానీ రాత్రి పదకొండింటికి పిల్లలతో రోడ్డు మీద ఉన్నప్పుడు అసిస్టెన్స్ వాళ్ళు వచ్చేదాకా ఆగడం వేరు, మన చేతిలో సాధనం ఉండటం వేరు. ముఖ్యంగా ఏఎంటీ, ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకి తోసే దారి కూడా లేదు కాబట్టి నేను కొనమనే అంటా.

ఎండ గురించి భయం ఉన్నవాళ్ళకి ఇంకో రకం ఉంది, సూపర్ కెపాసిటర్ జంప్ స్టార్టర్లు. వాటిలో బ్యాటరీ ఉండదు, ఛార్జ్ దాచిపెట్టుకోవు, మీ కారు బ్యాటరీలో మిగిలిపోయిన ఆ కాస్త కరెంట్‌నే కొన్ని నిమిషాలపాటు పీల్చి వోల్టేజ్ పెంచుకుని ఒక్కసారిగా సెల్ఫ్‌కి ఇస్తాయి. వేడికి లిథియం కంటే బాగా తట్టుకుంటాయి, కార్లోనే నెలలు పడేసినా ఫర్వాలేదు. రేటు ఎక్కువ, బ్యాటరీ పూర్తిగా జీరో అయితే పవర్ బ్యాంకుతోనో పక్క కారుతోనో ఛార్జ్ చేసుకోవాలి, ఒకసారి ప్రయత్నించి ఫెయిలైతే మళ్ళీ నింపుకునేదాకా ఆగాలి. మధ్యరకంగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నవి కూడా దొరుకుతాయి, అవి మామూలు లిథియం పాలిమర్ కంటే వేడికి స్థిరంగా ఉంటాయి, కొంచెం బరువు ఎక్కువ.

ఈవీ_గుంటూరు:

ఈవీ వాళ్ళు కూడా ఇది చదవాలి. ఎలక్ట్రిక్ కారులో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు, అంటే పెద్ద స్విచ్‌లు, దానితోనే పనిచేస్తాయి, అది దిగిపోతే కింద పెద్ద బ్యాటరీ 90 శాతం ఉన్నా కారు ఆన్ అవదు. ఇక్కడ ఇంజన్ తిప్పే పని లేదు కాబట్టి చిన్న జంప్ స్టార్టర్ కూడా హాయిగా సరిపోతుంది, కంప్యూటర్లు మేలుకుంటే చాలు. అయితే మీ మోడల్‌కి ఎక్కడ తగిలించాలో మాన్యువల్‌లో చూసి మాత్రమే పెట్టండి, ఆరెంజ్ కలర్ కేబుల్స్ హై వోల్టేజ్‌వి, వాటి జోలికి అసలు పోవద్దు. హైబ్రిడ్‌లలో కొన్నిటికి 12 వోల్టుల బ్యాటరీ వెనక ఉండి, జంప్ కోసం బానెట్ కింద వేరే పాయింట్ ఇస్తారు.

ఇంకోటి, కొత్త కార్లలో చాలావాటికి డిక్కీ కరెంట్‌తో తెరుచుకునేదే, బ్యాటరీ పోతే రిమోట్ పనిచేయదు, డిక్కీ తెరుచుకోదు, జంప్ స్టార్టర్ అందులో ఇరుక్కుపోతుంది. రిమోట్ లోపల దాచిన చిన్న ఇనుప తాళం బయటికి లాగితే డ్రైవర్ డోర్ తెరుచుకుంటుంది కాబట్టి డబ్బాని ఆ సీటు కిందే పెట్టుకోండి, ఆ తాళం ఎలా తీయాలో ఇంట్లో కారు నడిపే అందరికీ ఒకసారి చూపించండి.

సెల్లార్_కారు:

డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ ఇప్పుడే ఆఫ్ చేసి వచ్చా. 4 లీటర్ల పెట్రోల్ రేటింగ్, బూస్ట్ బటన్, డీజిల్‌కి విడిగా రేటింగ్ రాసిన ఒకటి చూసి పెట్టా, ఈ ఆదివారం బ్యాటరీని ఛార్జర్ మీద ఫుల్ చేసి సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ 9.6 పైన నిలబడితే అది ఆర్డర్ పెడతా, నిలబడకపోతే ముందు బ్యాటరీయే మారుస్తా. రీడింగ్ ఇక్కడే పోస్ట్ చేస్తా అన్నా, చూసి చెప్పండి.